కనకాచారి ఇంటి నీళ్ల మిషను

వెంకటదాసు గారికి వాదించడం చేతకాదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవారు. మఠంలో శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే గ్రంథం తెరవరు, పద్యం ఎత్తుకోరు. కాసేపు నేలచూపులు చూసి, తాను ఎరిగిన మనిషి సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. అందులో జవాబు ఉందో లేదో అడిగినవాడే వెతుక్కోవాలి.

ఆ రోజు అడిగినవాడు లింగమూర్తి. సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. అతని భార్య పక్షవాతంతో మంచాన పడి అప్పటికి నాలుగో ఏడు. ఆమెకు మాట లేదు, మనిషిని పోల్చుకోవడమూ లేదు. ఈ సంగతి మఠంలో కూర్చున్న నలుగురికీ తెలుసు కాబట్టి అతను ఆమె ఊసెత్తలేదు.

"అయ్యా, ఇక బాగుపడదని తేలిపోయినదానికి సేవ చేసుడు దేనికి?" అన్నాడు. "ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్నరు. సరే, ఆశ లేదు. కానీ ఆశ పోయినంక చెయ్యి లేస్తలేదు. దీనికేం చెప్తరు?"

అడుగుతున్నప్పుడు అతని గొంతులో దుఃఖం కూడా లేదు. దుఃఖపడే ఓపిక సైతం అయిపోయినవాడి గొంతు అది. వెంకటదాసు గారు అతని వైపు తిరిగారు.

"ఎర్రగట్టుల కనకాచారి అని ఒక వడ్లాయన ఉన్నడు. ఆయన సంగతి చెప్త, ఇను" అన్నారు. ఆయన చెప్పింది ఇదీ.

ఎర్రగట్టు చుట్టుపక్కల ఎక్కడ బోరు దింపినా ఫ్లోరైడు నీళ్లే పడేవి. ఊరికి నల్లా ఇంకా రాని రోజులు. పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపు గార కనిపించేది. నలభై దాటినవాళ్లు వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాళ్లు. కనకాచారికీ ఈశ్వరమ్మకూ ఒక్కతే కూతురు, స్వరూప. ఆరేళ్ల దాకా ఆ పిల్ల వీధిలో గెంతులేస్తూ తిరిగింది. ఏడో ఏట మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి ఒరగడం మొదలైంది. పన్నెండో ఏటికి నడుము వంగింది. పద్దెనిమిది వచ్చేసరికి చేతికర్ర ఊతంతో, గోడ పట్టుకుని, వంటింటి నుంచి వీధి దర్వాజ దాకా రావడమే ఆమెకు పెద్ద ప్రయాణం.

పట్నంలో చూపిస్తే డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఇకనుంచి శుద్ధి చేసిన నీళ్లే తాగించండి, ముదరడం ఆగుతుంది అన్నది ఒకటి. వంగిన ఎముక తిరిగి నిలబడదు అన్నది రెండోది. కనకాచారి చెవికి మొదటి మాటే ఎక్కింది. వడ్రంగి కాబట్టి అతనిది కట్టె పని. వంకర తిరిగిన పలకను తడిపి, సెగ చూపి, బరువు పెట్టి వారం రోజుల్లో సాపు చేసిన చేతులు అతనివి. కట్టె వంటి మొండి వస్తువే మాట వింటే, కడుపున పుట్టిన పిల్ల ఎముక వినదా అనుకున్నాడు.

కొత్త సంవత్సరం రాకముందే ఇంట్లో ఆర్.ఓ. మిషను పెట్టించాడు. టౌను నుంచి సలీం అనే మెకానిక్ వచ్చి వంటింటి గోడకు రంధ్రాలు వేసి, మిషను బిగించి, గొట్టాలు కలిపి, మోటరు ఆన్ చేశాడు. ఒక సన్నగొట్టం నుంచి తాగే నీళ్లు, ఇంకో గొట్టం నుంచి అంతకు మూడింతలు పారబోసే నీళ్లు వచ్చాయి.

"అన్నా, ఇది దేవుని పటం కాదు, గోడకు తగిలిచ్చి మరిచిపోనీకి" అన్నాడు సలీం.

"పటమైనా రోజు తుడుస్తం గదయ్యా" అంది ఈశ్వరమ్మ.

సలీం నవ్వి, ఒక్కొక్కటీ విప్పి చూపించాడు. "బయట ఉన్న ఈ పీచు ఫిల్టర్ నెలకోసారి కడగాలె. బొగ్గుది ఆర్నెల్లకు మార్చాలె. ఈ గొట్టంల సుట్టి పెట్టిన పొర ఉన్నది సూడు, అసలు పని దానిదే. అది పాడైనా మోటరు మోగుతనే ఉంటది, నీళ్లు వస్తనే ఉంటయి. కండ్లకేం తెల్వది, మీటరు పెడితేనే తెలుస్తది." నీళ్లలో కరిగిన లవణాలెంతో చూపే పెన్నులాంటి మీటరు ఒకటి కనకాచారి చేతిలో పెట్టాడు. బోరు నీళ్లలో ముంచితే పద్నాలుగు వందలు చూపించింది. మిషను నీళ్లలో ముంచితే డెబ్బై. "అన్నం, పప్పు, చాయ్, అన్నీ వీటితోనే" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అమావాస్య నాడు వడ్లవాళ్లు పనిముట్టు పట్టరు. కనకాచారి ఆ రోజునే మిషనుకు కేటాయించాడు. పొద్దున్నే స్నానం చేసి, పీచు ఫిల్టర్ విప్పి, ఎర్రమట్టి పోయే దాకా కడిగి, వాషరు సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి మళ్లీ బిగించేవాడు. మీటరు పెట్టి అంకె చూసి, తేదీతో సహా గోడ మీద పెన్సిలుతో రాసేవాడు. అదయ్యాక స్వరూపను దర్వాజకు ఆనించి నిలబెట్టేవాడు. ఆమె తల ఆనిన చోట గీత గీసేవాడు. అలా నిలబడటానికి ఆ పిల్ల పళ్లు బిగబట్టుకునేది. అతను గీత మీదే చూపు పెట్టేవాడు, ఆమె ముఖం చూసేవాడు కాదు.

పదకొండు అమావాస్యలు అలా గడిచాయి. పన్నెండో నెల కూడా పెన్సిలు మొదటి గీత మీదే పడింది. తేరిపార చూస్తే దానికి వెంట్రుకవాసి కిందనే పడింది. కనకాచారి టేపు తెచ్చి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"నాయినా, ఇగ రాదని డాక్టరు చెప్పిండు గద" అంది స్వరూప.

"నువ్విన్నవా?"

"నేనాడనే ఉన్న గద."

"మరి ఇన్ని నెల్లు ఎందుకు నిలబడ్డవు బిడ్డా?"

"నువ్వు నిలబడుమంటివి."

కనకాచారి టేపు చుట్టి పక్కన పడేశాడు. మరుసటి అమావాస్యకు అతను మిషను దగ్గరికి పోలేదు. పొద్దెక్కిందాకా పండుకున్నాడు. ఆ తర్వాతి అమావాస్యకూ అంతే. మొదటి ఏడు ఎంత నిష్ఠగా చేశాడో అంత గట్టిగా మానేశాడు. పీచు ఫిల్టర్ మట్టి పట్టి ఎర్రబారింది. నీటి ధార దారప్పోగంత అయింది. మోటరు మాత్రం సలీం చెప్పినట్టే మోగుతూ ఉంది. బొగ్గు మార్చే గడువు దాటిందని సలీం ఫోన్ చేస్తే, చూద్దాంలే అని పెట్టేశాడు. ఒక రోజు ఉలుల పెట్టెలో మీటరు చేతికి తగిలితే తీసి గ్లాసులో ముంచాడు. ఐదు వందల నలభై. కాసేపు ఆ అంకెను చూసి, మీటరు తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఈశ్వరమ్మకు అంకెలు రావు. గోడ మీద మిషను ఉంది, మోగుతోంది. ఆమె ఆ నీళ్లు పట్టి, నమ్మకంగా వండి, బిడ్డకు కలిపి పెడుతూనే ఉంది.

ఆరు నెలలైంది. కనకాచారి అరుగు మీద చిత్రిక పడుతుండగా స్వరూప గోడ పట్టుకుని వచ్చింది.

"నాయినా, నీళ్లు మల్ల ఉప్పగైతున్నయి. మునుపటి లెక్క."

అతను తల ఎత్తలేదు. "ఏ నీళ్లైతే ఏంది బిడ్డా ఇంక" అన్నాడు.

అనేశాక చేతిలో చిత్రిక ఆగింది. కర్ర ఊతం మీద ఆమె నెమ్మదిగా లోపలికి పోవడం వినిపించింది. అతను మళ్లీ చిత్రిక పట్టాడు. ఆ రోజు ఆ పలక అవసరం కన్నా పలచనైపోయి ఎందుకూ కొరగాకుండా పోయింది.

మర్నాడు ఈశ్వరమ్మ తన అక్కను చూడటానికి పక్కూరు పోయింది. కనకాచారి ఒక ఇంట్లో దర్వాజ నిలిపి మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. గడప దాటేసరికి కాళ్లకు నీళ్లు తగిలాయి. వంటిల్లంతా మడుగు. మిషను దగ్గర స్వరూప నిలబడి ఉంది. నడుము గోడకు ఆనించి, కర్ర చంకలో ఇరికించుకుని, సలీం వదిలిపోయిన పానాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని పీచు ఫిల్టర్ డబ్బా తిప్పుతోంది. ఆమె వేళ్లు మడతపడవు. డబ్బా సగం తిరిగి, సందులోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. ఛాతీ దాకా తడిసి మనిషి వణుకుతోంది. ఎక్కడ పడిపోతుందోనని కనకాచారి ఒక్క అంగలో పోయి పట్టుకున్నాడు. నీళ్ల వాల్వు తిప్పి కట్టేశాడు.

"ఎప్పటిసంది నిలబడ్డవే?"

"అమ్మ పోయినప్పటిసంది."

"ఏం చేస్తున్నవు బిడ్డా?"

"పీచు కడుగుదామని."

"నాకు చెప్పొద్దా?"

నిన్న చెప్పాను కదా అని ఆమె అనలేదు. అతని ముఖం కేసి చూసింది. "నేనింకా తాగుతున్న గద నాయినా" అంది.

ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, పొడి చీర అందించి, కనకాచారి వంటింట్లోకి తిరిగి వచ్చి ఆ నీళ్ల మడుగులోనే చతికిలబడ్డాడు. తర్వాత లేచి, అన్నం తినకుండానే బస్సెక్కి, చీకటి పడకముందే సలీంను వెంటబెట్టుకుని వచ్చాడు.

సలీం గొట్టం విప్పి పొరను బయటికి లాగాడు. జిగటగా, తుప్పు రంగులో ఉంది. వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఎన్ని నెల్లైందన్నా దీన్ని పట్టించుకోక?" అన్నాడు. కొత్త పొర ఎక్కించి, మొదట వచ్చిన నీళ్లు పారబోసి, మీటరు పెడితే అరవై ఐదు చూపించింది. ఆ గ్లాసు కనకాచారి కూతురికి తీసుకుపోయి ఇచ్చాడు. ఆమె పూర్తిగా తాగి, "బాగున్నయి" అని గ్లాసు తిరిగి ఇచ్చింది.

ఊరి నుంచి వచ్చిన ఈశ్వరమ్మకు జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె తిట్టలేదు. "నా చేతులతోని వండి పెడితి" అంది. అంతే. నెల దాటేదాకా అతనితో మాట్లాడలేదు. ఆ ఆరు నెలల నీళ్లు పిల్ల ఒంట్లో ఇంకెంత చెరుపు చేశాయో ఏ డాక్టరూ చెప్పలేదు. కనకాచారి అడగలేదు. అడిగే ధైర్యం అతనికి బతికుండగా రాదు.

ఆ తర్వాత ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. పీచు కడిగాడు, గడువుకు బొగ్గు మార్చాడు, ఏడాది తిరగ్గానే పొర మార్చాడు. స్వరూపను మాత్రం మళ్లీ దర్వాజకు నిలబెట్టలేదు. పక్కన పీట వేసి కూర్చోబెట్టేవాడు. మీటరు అంకె చదవడం ఆమె వంతు. కొన్నాళ్లకు ఆమె చేతులకు స్పర్శ పోయింది, మీటరు అతనే పట్టుకుని చూపిస్తే ఆమె చదివేది. తర్వాత కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఎదురొమ్ము బిర్రబిగిసి ఊపిరి అందడం కష్టమైంది. రెండో వానాకాలంలో ఛాతీలోకి జ్వరం దిగింది. మూడు రోజులు కొట్టుకుని, నాలుగో రోజు పొద్దున తల్లి ఒడిలో పోయింది.

ఇంతవరకు చెప్పి వెంకటదాసు గారు ఆగారు. ఎన్నో చావులు దగ్గర నుంచి చూసిన లింగమూర్తి కూడా తల వంచుకుని కూర్చున్నాడు.

"ఎముకలు?" అన్నాడు చివరికి.

"వంగినయి వంగినట్లే ఉండె. పాడె మీద సక్కగ పండవెట్టరాకపాయె."

లింగమూర్తి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "మరి ఏమొచ్చిందయ్యా? ఆ మిషనుతోని, అన్ని అమావాస్యలతోని, ఆయన పడ్డ తిప్పలతోని ఆఖరుకు ఏమొచ్చింది?"



"ఆ ఆర్నెల్లు పోను, రెండేండ్ల మూడు నెలలు ఆ పిల్ల మంచినీళ్లు తాగింది" అన్నారు వెంకటదాసు గారు.