నక్కలమెట్ట ఠాణాలో రాజుగారికి చోటు

చింతలగడ్డ సంస్థానాన్ని ఏలే వేంకటరంగ భూపతికి ఒకనాడు భలే విసుగొచ్చింది.

"పొద్దున లేస్తే అర్జీలే! ఒకడికి చెరువు కావాలి, ఇంకొకడికి వంతెన కావాలి. ఈ నెల్లాళ్లూ కొలువులో ఎవడి నోటనైనా 'కావాలి' అన్న మాట వినబడిందా, వాడి కొలువు ఊడినట్టే!" అని చాటింపు వేయించాడు.

సరిగ్గా ఆరోజే నక్కలమెట్ట ఠాణా లేఖరి గురవన్న అర్జీతో కోటకొచ్చాడు. చాటింపు విని, ఆ కాగితం మడిచి రొంటిన దోపుకున్నాడు.

నక్కలమెట్ట సంత జరిగే ఊరు. ఏటేటా జనం పెరుగుతున్నారు. ఠాణా మాత్రం తాతలనాటి ఒంటిగదే. దొంగలు, ఫిర్యాదు చెప్పుకునేవాళ్లు, బంట్రోతులు, దొంగసొత్తుగా దొరికిన మేకలు, అందరూ అందులోనే. సూరమ్మ అనే ఆవిడ, తనను కొట్టి పొలం లాక్కున్న మరిది మీద చెప్పుకుందామని వచ్చింది. వేరే తగాదాలో పట్టుబడ్డ ఆ మరిది ఆ గదిలోనే గోడకానుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూసి ఆవిడకు నోరు పెగల్లేదు. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కన్నీళ్లతోనే వెనుదిరిగింది. గురవన్నకు అది ముల్లులా గుచ్చుకుంది.

కొలువులో దివాను పేరిందేవయ్య బారెడు తలపాగా సవరించుకుంటూ ఎకసెక్కమాడాడు. "ఏం లేఖరీ, ఠాణా ఇరుకని గొణుగుతున్నావట? నిరుడు నేనే సున్నం కొట్టించాను. ఏనుగును కట్టేయొచ్చు అందులో!"

గురవన్న చేతులు కట్టుకున్నాడు. "దివాన్‌గారి మాటకు తిరుగేముంది? అలాంటి ఠాణా చుట్టుపక్కల ఎక్కడా లేదు ప్రభూ. తమరొక్కసారి చూసి తీరాల్సిందే."

అడగడానికి కాక పొగడడానికి ఒకడొచ్చాడని రాజు మురిసిపోయాడు. మర్నాడు పొద్దున్నే దివాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

గడపలో కాలు పెట్టబోయి ఆగిపోయాడు. లోపల నేల కనబడితేగా!

"జరగండ్రా!" అన్నాడు ఠాణా పెద్ద జమేదారు. ఎవరూ కదల్లేదు. కదిలే వీల్లేదు.

గురవన్న మెల్లగా అన్నాడు:

"ప్రభూ, తమరు లోపలికి రావాలంటే ఒకరు బయటికి పోవాలి. ఎవర్ని పొమ్మంటారు?"

"ఆ మూల నిలబడ్డ ఆవిడ?"

"సూరమ్మ. న్యాయం కోసం నాలుగోసారి వచ్చింది ప్రభూ."

"ఆ మేక?"

"అది పోతే సాక్ష్యం పోతుంది."

"పోనీ, జమేదారు?"

"ఆయన పోతే అందరూ పోతారు."

రాజు తల గోక్కుని, "సరే, గడప పక్కన సంకెళ్లతో ఉన్న ఆ దొంగను పంపు" అన్నాడు.

ఆ కోళ్లదొంగ బయటికి, రాజు లోపలికి. దివాను వంతు వచ్చింది.

"ఒక్కడు చాలడు ప్రభూ. తలపాగాకు కూడా చోటు చూడాలిగా!" అంటూ గురవన్న మరో ఇద్దరు దొంగల్ని బయటికి పంపించాడు.

బంట్రోతుల కాపలాలో ముగ్గురు దొంగలూ రాజుగారి గొడుగు నీడన చల్లగా కూర్చున్నారు. లోపల రాజుకు ఒకపక్క మేక, ఒకపక్క దివాను. చెమట తుడుచుకుందామంటే చెయ్యి పైకి లేవదు. మేకేమో దివాను తలపాగా అంచు నమలసాగింది.

కాసేపటికి జమేదారు, "ఇక లోపలికి రండ్రా!" అని దొంగల్ని కేకేశాడు.

కోళ్లదొంగ వినయంగా దణ్ణం పెట్టాడు.

"మా చోట్లో దివాన్‌గారున్నారు కదండీ. వారు విడుదలయ్యాక వస్తాం."

రాజుకు ఓపిక నశించింది. "చాలు! ఈ ఠాణాకు ఇంకో నాలుగు గదులు కావాలి!" అని అరిచాడు.

గురవన్న తల వంచుకుని అన్నాడు:

"చాటింపూ తమరిదే, ఆ మాటా తమరిదే. నేను మాత్రం ఏమీ అడగలేదు ప్రభూ!"

రాజు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆపైన పగలబడి నవ్వాడు. బయటికొచ్చి తన భుజమ్మీది శాలువా తీసి గురవన్నకు కప్పాడు.

"నాలుగు గదులూ కట్టిద్దాం. మొదటిది ఆడవాళ్లు తమ గోడు చెప్పుకోవడానికి. అందాకా సూరమ్మా, నువ్విలా నీడకు రా తల్లీ. నీ సంగతి నేనే వింటాను."

సూరమ్మ కొంగు బిగించి, గడప దాటి బయటికొచ్చింది. దివాను కూడా ఆవిడ వెనకే జారుకోబోయాడు.

"మీరెక్కడికి దివాన్‌గారూ?" అన్నాడు రాజు. "ఆ గదులు లేచేదాకా మీ కచేరీ ఇక్కడే!"

ఆ మాటకు దొంగలు సైతం పొట్ట పట్టుకుని నవ్వారు.