వసుంధర టీచరు మధ్యాహ్నాలు

"అయ్యగారూ, మనం ఇంత ప్రేమగా చూసుకున్నాక కూడా వసుంధర టీచరు బదిలీ ఎందుకు కోరుకున్నట్టు?" అని జెకర్యా అడిగాడు. మా పాస్టరు దేవవరంగారి దగ్గర వాక్యం చెప్పడం నేర్చుకుంటున్న కుర్రాడు. అయ్యగారికి ఒక అలవాటుంది. ప్రశ్న వింటే నోరు విప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ పూటా వేసుకున్నారు. కొత్త టీచరుకి ఇవ్వాల్సిన క్యారేజీ జెకర్యా చేతికిచ్చి, "నడు" అన్నారు. సంఘ పెద్దని కాబట్టి నేనూ బయల్దేరాను.

మా పేటలో సర్కారు బడికి ఐదు తరగతులు, ఒక్క టీచరు. మన పిల్లల కోసం బస్సులు మారి వచ్చే మనిషిని పస్తుంచుతామా అని, పాస్టరుగారికి ఇంటింటి వంతున భోజనం పంపే మా పాత పద్ధతినే వసుంధర టీచరుకీ పెట్టాం. మా వంటల సంగతి నన్నడగాలి. నా భార్య సలోమి గోంగూర రొయ్యలు వండితే ఏటికి అవతల బస్సు ఆగిపోయేది, డ్రైవరు దిగి మా పేట వైపు దణ్ణం పెట్టి మరీ కదిలేవాడు. అన్నం తెచ్చినవాళ్ళు అయ్యగారి దగ్గర కూర్చున్నట్టే టీచరు దగ్గరా కూర్చుని, ఒంట్లో నలతలూ ఇంట్లో కలతలూ చెప్పుకుని, ప్రార్థన చేసి లేచేవారు. నా వంతు రోజున, ఉప్పెనలో చర్చి గంటని వీపున కట్టుకుని తెల్లార్లూ ఈదిన కథ చెప్పేవాణ్ణి. బడిగంట కొట్టేదాకా ఆవిడ కదిలేది కాదు. అంత శ్రద్ధగా వినే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు. వెళ్ళిపోయే రోజున టీచరు కెతూరా అనే పిల్ల తలమీద చెయ్యి వేసి మాతో ఏదో చెప్పబోయింది. ఈలోగా మా శాలువాలు మీద పడేసరికి ఊరుకుంది.

ఆ కెతూరాయే బడి వరండాలో కూర్చుని ఉంది. ఐదో తరగతి. చర్చిలో పాట అందుకుంటే నా తర్వాత దాని గొంతే. అయ్యగారు సంచిలోంచి కీర్తనల పుస్తకం తీసి దాని ముందు తెరిచి, "చదువు తల్లీ" అన్నారు. పిల్ల అక్షరాల మీద వేలు నడిపిస్తూ, ఎక్కడా తడబడకుండా కీర్తనంతా వినిపించింది.

"బాగుందమ్మా. కానీ ఈ పేజీలో ఉన్నది వేరే పాట."

పిల్ల వేలు తీసేసింది. "నాకు సగం అక్షరాలే వచ్చు అయ్యగారూ. మధ్యాహ్నం అందరూ ఆటలకి పోయాక వసుంధర టీచరు నన్నొక్కదాన్నే కూచోబెట్టుకుని నేర్పేవారు. తర్వాత మనవాళ్ళు అన్నం తేవడం మొదలెట్టారుగా."

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. అవి అయితే ఆ పిల్ల హైస్కూలుకి పోవాలి. జెకర్యా నా వైపు చూశాడు. కొత్త టీచరుకి చెబుదామనుకున్న ఉప్పెన కథ నా నాలుక చివరిదాకా వచ్చి ఉంది, అక్కడే ఆగింది.

లోపల కొత్త టీచరు ఒక చిన్నవాడి చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దిస్తోంది. జెకర్యా గొంతు తగ్గించి, "అయితే అన్నం మానేద్దామా అయ్యగారూ?" అన్నాడు.

అయ్యగారు కెతూరా పక్కన నేలమీద కూర్చుని, పుస్తకం మొదటి పేజీకి తిప్పారు.

"ఎందుకు మానడం? గుమ్మంలో పెట్టి వచ్చెయ్. ప్రార్థన ఇంటికెళ్ళి చేసుకుందాం."