పట్టా కింది కుప్ప

మఠం గురువు పరమేశయ్య గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు చెప్పులు తొడుక్కుంటారు. ఆ తర్వాత ఎంత దూరం నడిపిస్తారో ఎవరికీ తెలియదు కనుక, మఠంలో ఆయన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ.

కోటిలింగం ఆగలేకపోయాడు. అన్నతో పొలం గట్టు దగ్గర గొడవపడి ఇల్లు వదిలి మఠానికి వచ్చినవాడు. ఆ అన్న ఇప్పుడు మంచాన పడి, ఒక్కసారి వచ్చి పొమ్మని కబురు చేశాడు.

"స్వామీ, వాడి ముఖం చూడనన్నాళ్లూ నా మనసు నిమ్మళంగా ఉంది. చూస్తే మళ్లీ కోపం వస్తుంది. వెళ్లకపోవడమే మంచిది కదా?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఊరి చివర ఆదెమ్మ మిరప కల్లం ఉంది. అకాలంలో ముసురు పట్టడంతో, సగం ఎండిన కాయనంతా కుప్పపోసి, టార్పాలిన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. మబ్బు ఇంకా విడవలేదు. వీళ్లు వెళ్లేసరికి ఆదెమ్మ పట్టా అంచు ఎత్తి, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఉడుకెక్కిపోయిందయ్యో!" అంటూ రాళ్లు పక్కకు నెట్టసాగింది.

భర్త ఏడుకొండలు పరుగెత్తుకొచ్చి పట్టా మీద అడ్డంగా పడ్డాడు. "తియ్యమాకే! పడమర చూడు, ఎట్టా కమ్ముకొస్తుందో. తడిసిందా, ఏడాది కష్టం గంగలో కలిసినట్టే!"

"తడిస్తే ఆరబెట్టుకుంటా. లోపల మగ్గినదాన్ని ఏం చేసుకోను? లెగువయ్యా!"

ఉరిమింది. ఏడుకొండలు కదల్లేదు. ఆదెమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని పట్టా కిందుగా కుప్పలోకి దూర్చింది. వేడి తగలగానే అతను లేచి, రెండో కొస పట్టుకున్నాడు.

పట్టా లేవగానే ఆవిరీ ఘాటూ కలిసి ముఖాన కొట్టాయి. పైన కాయ ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ తెల్లబారి, మెత్తబడి, బూజు పట్టింది. ఆదెమ్మ ఏడుస్తూనే కాళ్లతో కాయను పలచగా నెరిపింది. కోటిలింగం కూడా పంచె ఎగగట్టి దిగాడు. చినుకులు మొదలయ్యాయి.

"అమ్మా, కప్పేద్దాం!" అని కోటిలింగం కేక పెట్టాడు.

"కాసేపు ఆవిరి పోనియ్యి నాయనా," అందామె తల ఎత్తకుండా.

జల్లు పెరిగాకే మళ్లీ పట్టా కప్పారు. చెడినది ఏరి పారేయగా దక్కింది సగమే.

తిరిగి వచ్చేటప్పుడు కోటిలింగం ఘాటు అంటిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు. "పట్టా తీసినప్పుడే పెద్దవాన పడి ఉంటే ఏమయ్యేది స్వామీ?"

"అది ఆదెమ్మ చూసుకుంటుంది. నీ కుప్పలో నువ్వు చెయ్యి పెట్టి చూసుకుని ఎన్నాళ్లయింది?" అన్నారు గురువుగారు.