హారతి వెలగని కందికట్టెబండ

పూర్వం దొనకోన సీమను రంగప్పనాయడనే పాళెగాడు ఏలుతుండేవాడు. మహాభక్తుడని పేరు. వేకువనే గుళ్లో చేతులు జోడించేవాడు. పొద్దెక్కాక అవే చేతులతో పేదల కళ్లాల్లో గింజలు ఊడ్చుకుపోయేవాడు. ఒక ఏకాదశినాడు ఆలయస్తంభం మీద ఒక గొల్లభామ పురుగు ముందుకాళ్లు మడిచి, మూడుమూలల తల వంచి కదలకుండా కూర్చుని ఉండటం చూసి పరవశించి, ఈ పురుగుకున్న భక్తి నా ప్రజలకు లేదే అని నిందించి, దాన్ని వెండిపంజరంలో పెట్టించి పాలూ అరటిపండూ నైవేద్యం పంపాడు. అది ముట్టలేదు. ఉపవాసం చేస్తోందని ఆస్థానపండితులు పొగిడారు. బతికున్న పురుగును తప్ప అది మరేదీ తినదని గొర్రెలకాపరికి సైతం తెలుసు. చెప్పే దమ్ము ఆ సభలో ఒక్కడికీ లేకపోయింది!

మూడోనాడు పంజరంలోకి ఒక మిడత దూరింది. గొల్లభామ మడిచిన కాళ్లు రెప్పపాటులో చాచి, వాటి ముళ్ల మధ్య దాన్ని బిగించి, తల నుంచి నమలసాగింది. నాయడు మండిపడ్డాడు. "దండం పెడుతూ ప్రాణం తీస్తుందా! కపటి! దీని ఒళ్లంతా విషమే" అని, సీమలోని గొల్లభామలన్నిటినీ చంపించి, అవి గుడ్లు పెట్టే నురగగూళ్లు అంటుకున్న కందికట్టెనంతా తగలబెట్టించాడు. పట్టి తినే గొల్లభామలు లేక ఆ ఏడు కందిపూతను పచ్చపురుగు మిగల్చకుండా తినేసింది. జనం ఆకులు ఉడకేసుకుని బతికారు.

ఓబులక్క అనే కూలిమనిషికి కొండపక్కన చారెడు చేను ఉండేది. ఆకలికి ఇద్దరు బిడ్డలను మట్టిచేసిన తల్లి ఆమె. మూడో బిడ్డ మిగలాలంటే మరుసటి ఏడు కంది పండి తీరాలి. భటులు ఎక్కలేని గుట్టల్లో తిరిగి నురగగూళ్లున్న పుల్లలు ఏరి, ఒక మోపు కట్టి దాచుకుంది. తొలకరినాడు సంగతి తెలిసి నాయడు కాగడాలతో వచ్చేసరికి, ఆమె చేనిలోని బండ మీద ఆ మోపును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమే, లే! విషప్పురుగులవి, తాకితే చస్తావు."

"యాడి విషం సామీ? గట్టిగా పట్టుకుంటే గిచ్చుతాది, అంతే. నేనేమీ దాన్ని సాధువనలేదే. ఆకలైతే మొగుణ్ణే తింటాది! ఆ చేతులు ముడిచేది దండానికి గాదు, పట్టుకునేదానికి. నీకు తెలీకనా? గుళ్లో నువ్వు ముడిచేదీ అందుకే గదా!"

నాయడు ఆమెతో సహా కాల్చెయ్యమన్నాడు. కాగడా మోపుకు తాకింది కాని పుల్ల అంటుకోలేదు. గూళ్లన్నీ ఒక్కసారిగా విచ్చుకుని, చీమలంతేసి పిల్లలు వేలకొద్దీ జారి, ఓబులక్క చేతుల మీదా పెదవుల మీదా కనురెప్పల మీదా పాకాయి. ఆమె తుడుచుకోనైనా లేదు, చెక్కుచెదరలేదు. భటులు కాగడాలు నేలకేసి ఆర్పి, చేతులు ముడిచి నిలబడి నాయడి వైపు చూశారు. అవి దండానికి ముడిచిన చేతులో, పట్టుకోవడానికి ముడిచినవో అతనికి అర్థం కాలేదు. వెనక్కి వెనక్కి నడిచి, గుర్రమెక్కి సీమ దాటిపోయాడు. ఆ ఏడు ఓబులక్క చేను పండింది, బిడ్డ బతికింది.

నేటికీ ఆ కందికట్టెబండ మీద విగ్రహం లేదు, హారతి లేదు. నిప్పు తేకూడదు. తొలకరికి ఆడవాళ్లు గూళ్లున్న కందికట్టెలు తెచ్చి బండ మీద ఉంచుతారు, పిల్లలు విచ్చుకొని చేలోకి దిగేదాకా ఎవరూ అరక కట్టరు. ఇప్పుడు కొందరు చేలన్నిటా విషపుమందు కొట్టి, ఆ వాసన పోని చేతులతోనే వచ్చి ఇక్కడ ప్రదక్షిణం చేస్తున్నారు. వాళ్లను ఊరి ఆడవాళ్లు బండ ఎక్కనివ్వరు.