పసరు పూసిన పెట్ట

తెగులొచ్చి ఊళ్లో కోళ్లు కూత మానేశాక, ఆస్థాన వైద్యుడు ముత్యాలనాయుడు కూయడం మొదలెట్టాడు.

"వేపాకు, పసుపు, వెల్లుల్లి కలిపి నూరిన నా పసరు ముక్కుకి పూస్తే చచ్చే కోడి లేచి కూర్చుంటుంది!"

రాజుగారు నమ్మేశారు. పసరు ఇంటింటికీ పంచమన్నారు. బదులుగా ప్రతి ఇంటివాళ్లూ వైద్యుడికి ఒక కోడిని సమర్పించుకోవాలన్నారు.

పసరు పూసిన కోళ్లు పూసినట్టే చచ్చాయి. "మీకు నమ్మకం చాలలేదు" అని తిట్టి, పసరు అంటని కోళ్లలో బాగా బలిసినదాన్ని ఏరి చంకన పెట్టుకుపోయేవాడు వైద్యుడు.

నూకాలు గుడ్లమ్ముకుని బతికే ముసల్ది. ఆమెకు మిగిలింది ఒక్క పెట్ట. వైద్యుడు వీధి మొదట్లో కనిపించగానే, నిక్షేపంలా ఉన్న ఆ పెట్ట ముక్కుకి ఇంత పసరు పులిమి గుమ్మంలో నిలబడింది.

"పట్టుకెళ్లండి బాబూ, తమరి పసరు పూసిన కోడే."

వైద్యుడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఛీ! రోగిష్టి కోడిని నేను తింటానా? పసరు పూయనిది ఇంకోటి తేవే!"

"అదేంటి బాబూ! పసరు పూస్తే రోగం పోద్దని తమరే కదా చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది. తమకే చాలలేదా?"

వీధంతా గొల్లున నవ్వింది. వైద్యుడు చేతులూపుకుంటూ పక్కింటికి పోయేసరికి, అక్కడ అప్పుడే కోళ్లకి పసరు పులిమేస్తున్నారు. పొద్దు వాలేలోగా ఊళ్లో బతికున్న ప్రతి కోడి ముక్కుకీ పసరే.

ఆ మందు కోళ్ల ప్రాణాలు కాపాడటం అదే మొదలు.