గానుగెద్దు మెడగంట విప్పిన నోము కథ

అందరును చేత మూడేసి గరికపోచలు పట్టుకొని కూర్చుండుడు. కథ నడుమ లేవరాదు, ముచ్చట్లాడరాదు. తూగు వచ్చినవారు తూగవచ్చును. ఈ నోమునకు నిద్ర దోషము కాదు. ఎందుకు కాదో కథలోనే తెలియును.

పూర్వకాలమున రెల్లుదుబ్బుల నడుమ ఆశ్రమము కట్టుకొనియున్న తృణపాణి మహామునిని ధూమ్రకేశుడను ముని దర్శించి, "స్వామీ, పాడియావును పూజించువారు కలరు, దుక్కిటెద్దును పూజించువారు కలరు. ఒట్టిపోయినదానికి, కుంటిదానికి, ముసలిదానికి దిక్కెవరు? వానిని తోలివేసిన పాపము ఏ నోముచే తొలగును?" అని అడిగెను. తృణపాణి తన చేతిలోని గడ్డిపరకను ప్రక్కనున్న ముసలి మేకకు అందించి, ఇట్లు చెప్పసాగెను.

కృష్ణ ఒడ్డున రేగళ్ళదిన్నె అను ఊర గానుగ ఆడించు పోలయ్య, అతని భార్య నాంచారమ్మ కాపురముండిరి. వారి గానుగను చుక్కన్న అను ఎద్దు పదునాలుగేండ్లు త్రిప్పెను. వానికి నుదుట తెల్లని చుక్క, కన్నులకు గంతలు, మెడకు కంచుగంట. గంట మ్రోగుచున్నంతసేపు పోలయ్య గానుగ పలకమీద కూర్చుండి హాయిగా కునుకు తీయును. గంట ఆగెనా, ఉలిక్కిపడి లేచి చెర్నాకోల ఝళిపించును. గంట మ్రోగినచో ఎద్దు నడుచుచున్నదని, ఆగినచో దెబ్బ పడునని ఆ ఇంట మనిషికిని తెలియును, ఎద్దుకును తెలియును.

చుక్కన్న ముసలివాడయ్యెను. నడక మందగించెను. నాంచారమ్మకు విసుగు పుట్టి, "మావా, దీనికి మేత దండగ. బేరగాడికిచ్చి కోడెను మార్చుకురా" అని పోరెను. పోలయ్య వారము దినములు చెవిటివానివలె తిరిగెను. ఇల్లాలి పోరు పడలేక చివరకు గంట విప్పి మేకునకు తగిలించి, ఎద్దును సంతకు తోలుకొనిపోయెను. బేరగాడు ముసలి పశువులను ఎక్కడికి తోలునో ఊరందరు ఎరుగుదురు. నాంచారమ్మయు ఎరుగును. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుట అనగా ఇదియే గాక మరేమి?

అది మొదలు ఆ ఇంట ఏదియు కలిసిరాలేదు. కోడె గంట కట్టనీయక బెదరి గానుగ రోకలి విరిచెను. నువ్వులు బూజుపట్టెను, తీసిన నూనె చేదయ్యెను. అంతకంటె పెద్ద కష్టము, పోలయ్యకు నిద్ర కరవాయెను. చెవిని గంట పడనిదే అతనికి కన్ను మూతపడదు. రాత్రుల తరబడి కన్నులు తెరచుకొని పడియుండి, "చెవుల్లో ఏదో ఆగిపోయిందే నాంచారీ" అనుచు చిక్కి శల్యమయ్యెను.

ఒక మధ్యాహ్నమున నాంచారమ్మ చేటలో నువ్వులు చెరుగుచు అట్లే ఒరిగెను. కలలో పొగమంచు. మంచులో మొదలు తుది లేని కొట్టము. అందు లెక్కలేనన్ని పశువులు నిలిచియుండెను, ఒక్కటియు పడుకొనలేదు. వాని నడుమ నెత్తిని గడ్డిమోపుతో ముసలవ్వ ఒకతె తిరుగుచు, "పడుకోటానికి చోటు లేదంటున్నాయి తల్లీ. నీ పెరడు ఏమాత్రం ఉంటదేంటి?" అని అడిగెను. ఆమె గరికమ్మ తల్లియని ఎవ్వరును చెప్పకయే నాంచారమ్మకు తెలిసెను.

అంతట ఆ తల్లి నోము విధానము తెలిపెను. తోలివేయబడిన పశువులను పెరటికి తేవలెను. పాలు పిండరాదు, కాడి కట్టరాదు, బరువు మోపరాదు. పేడ ఎత్తుట, పుండు కడుగుట, మేత వేయుట, ఇవియే పూజ. ఐదవ శుక్రవారము ప్రొద్దు గ్రుంకులోగా అన్నియు తమంత తాము పడుకొనవలెను. అట్లైన ఇంటికి నిద్ర తిరిగి వచ్చును. ఒక్కటి నిలిచియున్నను నోము చెడును, ఆ ఇల్లు మరి కుదుటపడదు.

నాంచారమ్మ లేచి ఊరూర తిరిగెను. ఒట్టిపోయిన బర్రె వచ్చెను. వీపు పుండైన చాకలిగాడిద వచ్చెను. కొమ్ము విరిగిన పొట్టేలు వచ్చి, వచ్చీరాగానే ఆమెను వెనుకనుండి కుమ్మెను. ఇరుగుపొరుగు అమ్మలక్కలు, "నాంచారమ్మకు మతి చెడిందమ్మో" అని నవ్విరి. నవ్వనిండు, వారి పండ్లు వారివి.

నాల్గవనాడు రేవుకడ బేరగాని మంద ఏరు దాటుచుండెను. గిట్ట పగిలి నడువలేని ఎద్దునొకదానిని వారు నీటిలోనే విడిచిపోయిరి. మోకాలిలోతు నీట నిలిచిన ఆ ఎద్దు నుదుట తెల్లని చుక్క. నాంచారమ్మ నీటిలోనే దాని మెడను కౌగిలించుకొని బోరున ఏడ్చెను. "ఒరే చుక్కా, నన్ను పొడవరా, కసిదీరా పొడవరా" అనెను. వాడు ఆమె కొంగు వాసన చూచి, కుంటుచు వెంట నడిచెను. పొడిచియుండినచో ఆమెకు కొంత తేలికయై యుండును.

మొదటి శుక్రవారము ఆమె పశువులను కడిగి, పుండ్లకు పసుపు కలిపిన వేపనూనె రాచి, నుదుట బొట్లు పెట్టెను. చుక్కన్నకు ఇంకేమి చేయుదునా అని చూచి, మేకుననున్న గంటను దించి, చింతపండుతో తళతళ తోమి, వాని మెడకు కట్టెను. పూజకు పూజ, మగని చెవికి గంట! ఆ క్షణమే చుక్కన్న పెరటి గుంజచుట్టు తిరుగనారంభించెను. ఖణఖణమని గంట మ్రోగెను. లోపల పోలయ్య గుర్రుపెట్టి నిద్రపోయెను. తల్లి కరుణించెనని నాంచారమ్మ చేతులు మోడ్చెను.

రెండవ శుక్రవారమునకు బర్రె పడుకొనెను. మూడవదానికి పొట్టేలు, నాల్గవదానికి గాడిద పడుకొనెను. చుక్కన్న మాత్రము తిరుగుచునేయుండెను. ఉలవలు ఉడికించి ముందు పెట్టిన దాటిపోవును. అలసి నిలిచెనా, లోపల పోలయ్య నిద్రలో ఉలిక్కిపడి మంచము కిర్రుమనిపించును, ఆ చప్పుడునకు వాడు మరల కదలును. పగిలిన గిట్ట మానలేదు. గుంజచుట్టు మట్టి ఎఱ్ఱబారెను. గంతలు లేవు, చెర్నాకోల లేదు, ఎందులకు తిరుగుచున్నాడో నాంచారమ్మకు తోచలేదు. గానుగింటి ఇల్లాలికి తోచకపోవుటేమని మీరందురు. నిజమే. పూజకని కట్టినది గనుక ఆమె చెవికది దేవునిగంటవలెనే వినబడెను.

ఐదవ శుక్రవారము మధ్యాహ్నము ఆమె గుంజకడ కూర్చుండి కన్నుమూసెను. మరల ఆ మంచు, ఆ ముసలవ్వ. ఈసారి అవ్వ మాటాడక గుంజచుట్టు నడిచెను. నాంచారమ్మ వెంట నడిచెను. కాళ్ళు పీకెను, కూర్చుందమన్న కూర్చుండలేకపోయెను. "అవ్వా, నన్నెవరు తిప్పుతున్నారే?" అని అడిగెను. అవ్వ వెనుదిరిగి ఆమె మెడవైపు చూచెను. నాంచారమ్మ తడుముకొనగా మెడకు గంట!

ఆమె మేలుకొని, ఒక్క పరుగున పోయి చుక్కన్న మెడత్రాడు పట్టుకొనెను. పట్టుకొని విప్పలేకపోయెను. గంట పోయినచో లోపలనున్న మగని నిద్ర పోవును. ఈసారి మనిషి దక్కడు. గంట ఉన్నచో వీడు దక్కడు. ఆమెకు దుఃఖము ముంచుకొని వచ్చెను. లోనికి పోయి పోలయ్యను లేపి, జరిగినదంతయు చెప్పెను.

పోలయ్య గోడ పట్టుకొని లేచి పెరటిలోనికి వచ్చెను. "ఇన్నేళ్ళూ వాడు నడుస్తా ఉంటే నేను నిద్రపోయానే. ఇంక వాణ్ణి పడుకోనీ. నేను మేలుకుంటే మేలుకుంటాలే" అనుచు గంట విప్పి నువ్వులకుండలో పూడ్చిపెట్టెను.

చుక్కన్న అలవాటున ఇంకను రెండు చుట్లు తిరిగి నిలిచెను. దెబ్బకొరకై వీపు బిగించెను. పోలయ్య వట్టి అరచేతులు రెండును చాచి వాని ముక్కుకడ పెట్టెను. ప్రొద్దు రెల్లుకొసలను తాకుచుండగా చుక్కన్న ముంగాళ్ళు మడిచెను, పిదప వెనుకకాళ్ళు మడిచెను. పెద్ద నిట్టూర్పు విడిచి, నెమరు వేయసాగెను. తోడుగా ఉందమని పోలయ్య వాని ప్రక్కకు చేరగిలపడెను. కరకరమని మెల్లగా ఆ నెమరు చప్పుడు వినుచు, వినుచు, అతని కన్నులును మూతపడెను. నాంచారమ్మ వారి ఎదుట కూర్చుండి ఇద్దరిమీదను ఈగలు తోలుచుండెను. ఆ సాయంకాలము ఆ ఇంట దీపము ఆలస్యముగా వెలిగెను. తల్లి తప్పెన్నలేదు.

నాటినుండి వారి నూనె కమ్మనయ్యెను, ఇల్లు నిండెను. కోడె గంట లేకయే గానుగ త్రిప్పి, అలసినప్పుడెల్ల నిలిచెను. నవ్విన అమ్మలక్కలే తమ ముసలి పశువులను తెచ్చి, పేడ ఎత్తుటకు వంతులు వేసికొనిరి. చుక్కన్న మరి మూడేండ్లు బ్రతికి, పడుకొనియుండగనే పోయెను.

కావున ఓ ధూమ్రకేశా, పశువుచేత పని చేయించుకొనినవారు, పాలు త్రాగినవారు, బండి ఎక్కినవారు, కోడలిని కూర్చుండనీయని అత్తలు, నిద్ర కరవైనవారు ఈ నోము నోచవలెను. నోచినవారి ఇంట మేత తరుగదు, పుండు నిలువదు, కంటినిండ నిదుర పట్టును. ఇట్లు తృణపాణి చెప్పగా ధూమ్రకేశుడు విని, అక్కడనే గడ్డిలో ఒరిగి నిద్రపోయెను.

ఇక గరికపోచలు పట్టుకొని పెరటిలోనికి రండు. హారతి వెలిగింతము. గంట కొట్టరాదు, దాని నాలుకను వ్రేలితో పట్టుకొనుడు. మెల్లగా నడువుడు, అక్కడ అందరును పడుకొనియున్నారు.