రేవణయ్యకు రాని నవ్వు

మఠం బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడంలో తనను మించినవాడు లేడని రేవణయ్యకు గట్టి నమ్మకం. నిఘంటువు సగం కంఠస్థం మరి. అలాంటివాడికి ఆ ఉదయం 'గ్రిన్' అనే ఒక్క మాట మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

స్మైల్ అంటే పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫొటోలు తీసేవాళ్ళ పుణ్యమా అని ఊరంతటికీ తెలుసు. గ్రిన్ అంటే పళ్ళు కనబడేలా విశాలంగా నవ్వడం అని రేవణయ్య చెప్పాడు. వెంటనే పిల్లలందరూ నోళ్ళు సాగదీసి, పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. అది కాదని తనే నవ్వి చూపించాడు.

ముందు వరసలోని ఈరమ్మ జాలిగా అడిగింది. "పన్ను నొస్తాందా అయ్యోరూ?"

రేవణయ్య మఠం పెద్దస్వామి దగ్గరకు వెళ్ళి, జరిగిందంతా చెప్పి, తనకు చదువు చెప్పడం చేతకాదని, గోశాల ఊడ్చుకుంటానని, బడికి ఇంకెవరినైనా పెట్టమని అన్నాడు. నిజానికి ఆ బడంటే అతనికి ప్రాణం. కానీ ఇన్నాళ్ళలో స్వామి నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారైనా వినలేదు.

స్వామి లేచి, కర్ర అందుకుని బడికి వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. ఈరమ్మను చదవమన్నారు. ఆ పిల్ల ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేజీ ఎక్కడా తడుముకోకుండా చదివేసింది.

"రేవణా," అన్నారు స్వామి, "నీ మాదిరి చదువు చెప్పేటోడు ఈ మఠానికి ఇంతవరకు రాలేదప్పా."

రేవణయ్య గంభీరంగా ఉండాలని పెదవులు బిగబట్టాడు. వల్ల కాలేదు. గోడవైపు తిరిగాడు. అయినా నవ్వు చెవులదాకా పాకి, నోట్లో ఉన్న పళ్ళన్నీ బయటపడ్డాయి.

ఈరమ్మ తొంగి చూసింది. "ఇదే గదా అయ్యోరూ, గ్రిన్ అంటే?"

బడంతా నవ్వింది. ఈసారి ఎవరికీ పన్ను నొప్పి ఉన్నట్టు కనిపించలేదు.

స్వామి బయటికి నడిచారు. అంతలో రేవణయ్యకు గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. వెనకే పరిగెత్తాడు.

"స్వామీ, ఆ మాట నిజంగా అన్నారా? పిల్లలకు నవ్వు చూపించడానికి అన్నారా?"

స్వామి ఆగి, అతన్ని ఎగాదిగా చూశారు.

"నీ మొగం అప్పుడే నమ్మేసింది గదప్పా. ఇంగ నీకేం అనుమానం?"